కొట్టు పేరూ చిరునామా యజమానికి అర్థమయ్యేలా రాసివ్వండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి గుంటూరు నుంచి నమస్కారాలు.

అయ్యా,

మాది గుంటూరులో చిన్న ప్రింటింగ్ ప్రెస్. బిల్లు బుక్కులు, విజిటింగ్ కార్డులు, షాపు ప్రారంభోత్సవాల కరపత్రాలు వేస్తుంటాం. కొత్తగా కొట్టు పెట్టేవాళ్ళు చాలామంది బోర్డు కట్టకముందే మా దగ్గరికి వస్తారు. నగరపాలక సంస్థ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు కాగితం బల్ల మీద పెట్టి "ఇందులో ఎలా ఉంటే అలా వేసెయ్యండి" అంటారు. అందులో ఏముందో మాత్రం వాళ్ళకు తెలియదు. సొంత డబ్బు పెట్టి, అప్పు తెచ్చి వ్యాపారం మొదలుపెట్టిన మనిషికి తన కొట్టు పేరులో, చిరునామాలో ఉన్న మాటలే అర్థం కాని కాగితం ఇవ్వడం అన్యాయం. ఆ కాగితాన్ని తెలుగులో, మాటల అర్థాలతో సహా ఇప్పించమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

బ్రాడీపేటలో కర్రీ పాయింట్ పెట్టిన ఒక అక్క సంగతి చెబుతాను. కూరలతో పాటు గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి అమ్ముతుంది. ఆన్‌లైన్ దరఖాస్తు ఎవరో నింపిపెట్టారు. పేరు దగ్గర ఆమె ఇలవేల్పు పేరు రాసి, చివర "ఎంటర్‌ప్రైజెస్" అని తగిలించారు. లైసెన్సు అలాగే వచ్చింది. అప్పటికే ఆమె తన పేరు మీద "పచ్చళ్ళు, కూరలు" అని తెలుగులో చక్కగా బోర్డు రాయించుకుంది. కరెంట్ అకౌంట్ కోసం వెళ్తే, బోర్డు మీద ఒక పేరు, లైసెన్సులో ఇంకో పేరు ఉన్నాయని బ్యాంకులో వెనక్కి పంపారు. బిల్లు బుక్కు కోసం మా దగ్గరికి వచ్చి, "అన్నయ్యగారూ, ఎంటర్‌ప్రైజెస్ అంటే ఏంటండీ? నేను అట్లాంటిదేం పెట్టలేదే!" అంది. వ్యాపార సంస్థ అని అర్థం, అది లేకపోయినా ఇబ్బంది లేదు అని చెప్పాను. "మరి ఎందుకు రాశారు?" అని అడిగింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చివరికి లైసెన్సు మార్పించుకునే ఓపిక లేక బోర్డే మార్పించుకుంది. పచ్చడి కోసం వచ్చేవాళ్ళెవరూ ఆ కొత్త పేరుతో ఆమెను పిలవరు.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మా దగ్గర వేసే బిల్లు బుక్కుల్లో చాలావాటి మీద "ప్రొ:" అని ఉంటుంది. ప్రొప్రయిటర్ అంటే ఓనరు అనుకుని సంతోషంగా వేయించుకుంటారు. ఓనరే, కాదనను. కానీ చట్టం దృష్టిలో ఆ మనిషి వేరు, కొట్టు వేరు కాదు. కొట్టు అప్పు ఆయన సొంత అప్పే. తీర్చలేకపోతే ఇల్లూ, పొలమూ లెక్కలోకి వస్తాయి. ఇది బోర్డు కట్టేనాడు తెలిస్తే జాగ్రత్తపడతాడు. నోటీసు వచ్చిన రోజు తెలిస్తే ఇంటిల్లిపాదికీ టెన్షనే. జీఎస్టీ కాగితంలో "లీగల్ నేమ్", "ట్రేడ్ నేమ్" అని రెండు గడులు ఉండేదీ ఇందుకే. సొంతంగా నడుపుకునే కొట్టయితే మొదటి గడిలో పాన్ కార్డు మీద ఉన్న మనిషి పేరు, రెండో దాంట్లో జనం పిలిచే కొట్టు పేరు వస్తాయి. ఇంత చిన్న విషయం ఒక్క తెలుగు వాక్యంలో రాసి ఉంటే ఎంతమంది తిప్పలు తప్పేవో!

కొందరు బాగుంటుందని పేరు చివర "అండ్ కో" పెట్టమంటారు. భాగస్వాములు ఉన్నారని చెప్పే మాట అది, కానీ వాళ్ళకు భాగస్వాములు ఎవరూ ఉండరు. ఒకాయన "ప్రైవేట్ లిమిటెడ్" అని వేయమన్నాడు. పేరు బరువుగా ఉంటుందని ఆయన కోరిక. కంపెనీగా రిజిస్టరు కాకుండా ఆ మాట పెట్టుకుని వ్యాపారం చేస్తే 2013 కంపెనీల చట్టం ప్రకారం రోజుకు 500 నుంచి 2,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. వద్దండీ అని చెప్పి పంపాను. మోసం చేద్దామన్న ఉద్దేశం ఆయనలో ఏ కోశానా లేదు. ఆ మాట అలంకారం కాదని, అది చట్టం ఇచ్చే హోదా అని ఆయనకు చెప్పినవాళ్ళే లేరు.

ఇక చిరునామా. బ్రాడీపేట, అరండల్‌పేట దొరల కాలం పేర్లు. అక్కడ ఒకవైపు లైన్లు, వాటిని కోసుకుంటూ అడ్డరోడ్లు. 4/7 బ్రాడీపేట అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. గుంటూరులో ఆటో అతనికి ఈ మాట చెబితే చాలు, ఇంకేమీ అడగడు. ఇంత తేలికైన చిరునామా పద్ధతి మనకు ఉండటం గొప్పే. కానీ దరఖాస్తులో లైనుకో గడి, అడ్డరోడ్డుకో గడి లేవు. దాంతో కొందరు 4/7ని డోర్ నంబరు గడిలో పెడతారు, కొందరు వీధి పేరు దగ్గర పెడతారు, కొందరు వదిలేస్తారు. అదే కంప్యూటర్లో ఎక్సెల్ షీటులో కొడితే తేదీగా మారిపోతుంది. నాకు వచ్చిన ఒక షాపుల జాబితాలో లైను, అడ్డరోడ్డు ఉండాల్సిన చోట వరుసగా జూలైలు, ఏప్రిళ్ళు ఉన్నాయి. అది చూసి ఏ కొట్టుకు ఉత్తరం వెళ్తుంది చెప్పండి?

డోర్ నంబరులోనూ మూడు ముక్కలుంటాయి. మొదటిది వార్డు, మధ్యది బ్లాకు, చివరిది ఇల్లు. పిన్ కోడ్‌లో మొదటి మూడంకెలు 522 అయితే ఉత్తరం గుంటూరు వైపుదని పోస్టాఫీసుకు తెలుస్తుంది. అంకెలకు కూడా అర్థం ఉందని తెలిసినవాడు వాటిని తప్పు రాయడు, తప్పు రాస్తే పట్టుకుంటాడు కూడా.

"సెంటర్" అనే మాటకు మన దగ్గర నాలుగు దారులు కలిసే చోటని అర్థం. శంకర్ విలాస్ సెంటర్, నాజ్ సెంటర్ అంటే ఊరంతటికీ తెలుసు. బయటి రాష్ట్రం నుంచి సరుకు పంపేవాళ్ళు మాత్రం అదేదో షాపింగ్ కాంప్లెక్స్ అనుకుని ఏ అంతస్తు, ఏ షాపు అని ఫోన్ చేస్తారు. సంగడిగుంట, నల్లచెరువు, నగరంపాలెం లాంటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో కాగితంలో ఒక్కోలా పడుతున్నాయి. తెలుగులో రాస్తే ఆ గొడవే ఉండదు. తెలుగులో వాటికి ఒకటే రాత.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది మిర్చి యార్డు సంగతి. అది మీ శాఖది కాదని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేను. పల్నాడు నుంచో ప్రకాశం నుంచో రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు వేసుకుని రాత్రంతా ప్రయాణం చేసి వస్తాడు. సరుకు అమ్ముడయ్యాక చేతికి తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ వస్తుంది. దాని మీద తూకం, ధర, కమీషను, హమాలీ ఉంటాయి. అవన్నీ ఆయన వేళ్ళ మీద లెక్క కట్టగలడు. పైన కొట్టు పేరు, చిరునామా ఇంగ్లీషులో ఉంటే మాత్రం తన పంట ఏ పేరున్న సంస్థకు వెళ్ళిందో పక్కవాడిని అడగాలి. డబ్బు ఆలస్యమైతే పట్టుకోవాల్సింది ఆ పేరునే, వెతుక్కుంటూ వెళ్ళాల్సింది ఆ చిరునామాకే. మా దగ్గర అలాంటి పుస్తకాలు వేయించుకునే వ్యాపారులను తెలుగు కూడా వేద్దామని అడుగుతుంటాను. కొందరు సరేనంటారు. "లైసెన్సులో ఇంగ్లీషే ఉంది కదా, తేడా వస్తే ఎవరు చూస్తారు?" అంటారు మిగతావాళ్ళు. వాళ్ళ భయంలోనూ న్యాయం ఉంది.

చట్టం మనవైపే ఉంది. 1966లోనే తెలుగు ఈ రాష్ట్ర అధికార భాష అయింది. 1988 నాటి షాపులు, సంస్థల చట్టం కింద 1990లో వచ్చిన నియమాల ప్రకారం ప్రతి కొట్టు బోర్డు మీదా పేరు తెలుగులో ఉండాలి. వేరే భాష రాసుకుంటే దాన్ని తెలుగు కిందే రాయాలి, తెలుగుకు ఎక్కువ చోటివ్వాలి. బోర్డు తెలుగులో ఉండాలంటున్న ప్రభుత్వమే ఆ కొట్టుకు పేరు రాసిచ్చే కాగితం తెలుగులో ఇవ్వకపోతే, మేం బోర్డు మీద ఏ రాత ప్రకారం రాయాలి?

అందుకని నా మనవి. ట్రేడ్ లైసెన్సు మీద కొట్టు పేరు, యజమాని పేరు, చిరునామా ముందు తెలుగులో, కింద ఇంగ్లీషులో ముద్రించండి. తెలుగులో ఉన్న పేరూ చెల్లుతుందని అదే కాగితం మీద రాయండి. అప్పుడు బ్యాంకులో ఎవరూ వెనక్కి పంపరు. దరఖాస్తులో ప్రతి గడి పక్కనా దాని అర్థం వాడుక మాటల్లో పెట్టండి. పేరు చివర ట్రేడర్స్, ఏజెన్సీస్, ఎంటర్‌ప్రైజెస్ లాంటి తోక తప్పనిసరి కాదని అక్కడే చెప్పండి. గుంటూరు లాంటి ఊళ్ళకు లైను, అడ్డరోడ్డు గడులు విడిగా ఇవ్వండి. ఫీజు కట్టే ముందు దరఖాస్తుదారుకు అంతా తెలుగులో ఒకసారి చూపించి, సరేనన్నాకే లైసెన్సు ఇవ్వండి. మేం పెళ్ళి శుభలేఖకు కూడా ప్రూఫు చూపించకుండా అచ్చు వేయం.

ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు, కొత్త ఖర్చూ పెద్దగా ఉండదు. ముందు గుంటూరులో మొదలుపెట్టి చూడండి. దరఖాస్తులోని మాటలకు తెలుగు అర్థాలు రాసి, ఒక పేజీ నమూనా కంపోజ్ చేసి ఉంచాను. మీ కార్యాలయం ఎవరిని కలవమంటే వారికి తెచ్చి ఇస్తాను, ఉచితంగానే.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్ నిర్వాహకుడు,
గుంటూరు