రిసార్టుల సంగతి తర్వాత, ముందు ఉప్పుటేరు పూడిక తీయండి

సంపాదకుడు గారికి,

కొల్లేరును టూరిస్టు స్పాట్ చేస్తామనే మాట మా ఆకివీడు వైపు ఎప్పటి నుంచో వింటున్నాం. బోట్లు, కాటేజీలు, ఫుడ్ కోర్టులు అంటున్నారు. సంతోషమే, వద్దనేవాళ్ళం కాదు. కానీ జనం అసలు ఏం చూడ్డానికి వస్తారో ఆలోచించారా? చలికాలంలో ఒకసారి కొల్లేటి ఒడ్డున ఉన్న పక్షుల కేంద్రం ఆటపాక వెళ్ళండి. అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్ళు ఉంటాయి, తల్లి నోరు తెరవగానే పిల్ల తలకాయ మొత్తం దాని ముక్కు కింది సంచిలోకి దూర్చేసి చేప లాక్కుంటుంది. అది చూసినవాడు కాటేజీలో ఏసీ ఉందా అని అడగడు. అలాంటి చోట పోయిన సీజన్‌లో మా చుట్టాలను తీసుకెళ్తే, గట్టు మీద ఎవరో కారు డిక్కీ తెరిచి ఫుల్ సౌండ్‌తో పాటలు పెట్టారు, అదేమిటని అడిగే నాథుడు లేడు. ఇక స్పీడ్ బోట్లు కూడా దింపితే పక్షులు ఉంటాయా?

అసలు గొడవంతా నీళ్ళది. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా నీళ్ళు పరుచుకునే మేర, అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు, చాలాచోట్ల అవి మళ్ళీ లేచాయి కూడా. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళన్నీ సముద్రానికి పోవాలంటే దారి ఉప్పుటేరే కదా, అదేమో పూడికతో, గుర్రపుడెక్కతో, ఆక్రమణలతో సన్నబడిపోయింది. వరదొస్తే కొల్లేటి మధ్య దిబ్బల మీదున్న లంక ఊళ్ళు మునుగుతాయి, ఎండాకాలం పైనుంచి నీళ్ళు రాక సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది. ఆ ఉప్పునీటిని ఆపడానికి ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు (గేట్లున్న అడ్డుకట్టలు) కడతామన్న మాటకి వయసు మీద పడింది గానీ పని కదల్లేదు.

ఇంకో సంగతి, బోట్ల కాంట్రాక్టు బయటి నుంచి వచ్చినవాళ్ళకి ఇవ్వొద్దు. చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు దెబ్బతిన్నది లంక గ్రామాల్లోని చిన్నచిన్న కుటుంబాలే. దోనె నడపడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఏ కిక్కిస పొద వెనక ఏ పిట్ట ఉంటుందో ఏ గైడూ వాళ్ళలా చెప్పలేడు.

రిసార్టుకి టెండర్ పిలిచే ముందు ఉప్పుటేరు పూడికతీతకి పిలవండి. ఈలోగా ఆటపాకలో ఆడవాళ్ళు వెళ్ళగలిగే శుభ్రమైన మరుగుదొడ్లు, పాటలు పెట్టొద్దని ఒక బోర్డు, దాన్ని అమలు చేసే ఒక మనిషి ఉంటే చాలు, వీటికి పెద్ద నిధులేం అక్కర్లేదు, వచ్చే చలికాలం లోపే చేయొచ్చు.

ఒక పాఠకుడు,
ఆకివీడు