చిన్నీ, అక్కడ తపసి చెట్టుంది

చిన్నీకి, అమ్మ ఆశీస్సులు.

క్షేమంగా ఇల్లు చేరాను. గురుగ్రామ్‌లో నీ దగ్గరున్న రెండు నెలలూ పొద్దున్నే నేను ఎక్కడికి వెళ్లేదాన్నో నీకు తెలుసు. "ఆ ముళ్లపొదల్లో ఏముందమ్మా?" అన్నావొకసారి. ఆఫీసు హడావిడిలో ఉన్నావని ఊరుకున్నాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు ముళ్లపొదలన్నది అరావళి బయోడైవర్సిటీ పార్కు, దాదాపు 380 ఎకరాలు. ఒకప్పుడు అదంతా రాళ్ల క్వారీ. కొండను పేల్చి, క్రషర్లో వేసి, కంకర చేసి లారీలకెత్తారు. మనం ఉండే ఇళ్లు, నడిచే రోడ్లు అలాంటి రాయితో లేచినవే, అది నేను మర్చిపోలేదు. 2002లో సుప్రీంకోర్టు ఢిల్లీ సరిహద్దులోని అరావళి కొండల్లో తవ్వకాలు ఆపమంది. మిగిలినవి గుంతలు, మట్టి లేని బండ, వాటి మధ్య సర్కారు తుమ్మ. అది మన నేలది కాదు, అమెరికా ఖండాల నుంచి తెచ్చింది. ఎక్కడ పడితే అక్కడ బతుకుతుంది, పక్కన వేరేదాన్ని లేవనివ్వదు.

2010 జూన్ 5న ఆ చోటు పార్కయింది. 'ఐయామ్‌గుర్‌గావ్' అనే పౌరుల బృందం, మున్సిపల్ కార్పొరేషన్, విజయ్ ధస్మానా అనే పర్యావరణవేత్త కలిసి పని మొదలుపెట్టారు. పచ్చగా కనబడితే చాలనుకుంటే ఏ పూలమొక్కలో తెచ్చి నాటేసేవాళ్లు. వాళ్లలా చెయ్యలేదు. ఒకప్పుడు అరావళిలో పెరిగిన చెట్లే కావాలన్నారు. అవి నర్సరీల్లో దొరకవు. దాంతో అడవుల వెంట తిరిగి గింజలు ఏరుకొచ్చి, సొంతంగా నారు పోసుకున్నారు. చెట్లు ఎలా కలిసి బతుకుతాయో చూడ్డానికి ఫరీదాబాద్ వైపున్న మాంగర్ బనీ ఉంది కదా, ఊరివాళ్లు అక్కడ కొలిచే ఒక బాబా మీద భక్తితో కొమ్మ కూడా విరవని వనం, అది వాళ్లకు నమూనా అయింది.

ధౌ అనే చెట్టును నేనక్కడే మొదటిసారి చూశాను. మన చిరుమానుకు దగ్గరి చుట్టం. మేకలు మేస్తున్నంత కాలం బండకు అతుక్కుని చాపలా పాకుతుందట, మేత ఆగితే లేచి చెట్టవుతుంది. ఎన్నేళ్లు అణిగి ఉందో కదా అనిపించి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఇంకొంచెం ముందుకెళితే రాళ్ల మధ్య తపసి చెట్టు! అక్కడివాళ్లు కుల్లు అంటారు. సున్నం పూసినట్టు తెల్లటి కాండం, గోటితో తాకితే కాగితంలా లేచే పొర. చిన్నప్పుడు తపసి బంక ఏరుకొచ్చేవాళ్లను చూసినదాన్ని, అంత దూరంలో అది కనబడేసరికి కళ్లు చెమర్చాయి. మోదుగ, అందుగ కూడా ఉన్నాయి. బండ మీద వాటంతటవే రాలేదమ్మా, ఒక్కొక్కటీ మనుషులు తెచ్చి పెట్టినవే.

రక్షిత అడవుల జాబితాలో లేకపోయినా జీవజాలాన్ని కాపాడుతున్న చోట్లను ఓఈసీఎం అంటారు. 2022 ఫిబ్రవరిలో ఆ గుర్తింపు మన దేశంలో మొదట ఈ పార్కుకే వచ్చింది. చాలా సంతోషం. కానీ ఆ పేరుతో అభయారణ్యమైపోదు కదా. చుట్టూ ఊరు పెరుగుతూనే ఉంది, ఎవరికో ఒక రోడ్డు కావాలనిపిస్తుంది. నాకున్న భయం అదే. అక్కడ రోజూ నడిచేవాళ్లుంటే కనీసం అడిగేవాళ్లుంటారు. ఆ నడిచేవాళ్లలో నువ్వూ ఉండాలి.

ఈ ఆదివారం వెళ్లు. వానాకాలంలో మొక్కలు నాటేటప్పుడు పిలిస్తే ఫోన్ పక్కన పెట్టి సాయం చెయ్యి. తపసి ఆకులు రాలాక ఒక ఫొటో తీసి పంపు, దాని తెలుపు అప్పుడే బాగా తెలుస్తుంది. కాయలు మాత్రం ముట్టుకోకు, వాటి మీద నూగు గుచ్చుకుంటే ఒకటే మంట.

ప్రేమతో,
అమ్మ