ముసలి తాబేళ్ల గురించి కూడా ఒకసారి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వయసైన కుక్కల్ని, పిల్లుల్ని ఎలా చూసుకోవాలో మీ పేపర్లో పేజీ మొత్తం వేశారు, ఆసాంతం చదివానండి, బాగుంది, కానీ తాబేలో బల్లో పామో పెంచుకునేవాళ్లకి అందులో ఒక్క ముక్క కూడా లేదు. మా ఇంట్లో ఎర్రచెవుల తాబేలు ఉంది, రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు వచ్చింది, ఇప్పుడు దానికి 24 ఏళ్లు. బాగా చూసుకుంటే ఇవి 30 ఏళ్లు కూడా బతుకుతాయి, అంటే దాని ముసలితనమే కొన్నేళ్లు నడుస్తుంది, ఆ కొన్నేళ్లూ ఏం చెయ్యాలో మాకు చెప్పినవాళ్లు లేరు.

పోయినేడు అది బల్బు కింద వెచ్చదనానికి గట్టెక్కడం తగ్గించేసింది. తాబేలు నడకే నిదానం కదా, పైగా వయసైంది, అనుకుని ఊరుకున్నాం. రెండు నెలలు అలాగే పోయాక వెనక కాలు ఈడుస్తుంటే అప్పుడు భయమేసి తీసుకెళ్లాం. మొదట చూసిన డాక్టర్ గారు ముసలిది కదండీ ఇంతే అన్నారు, తూకం కూడా వెయ్యలేదు. ఆయన రోజూ చూసేది కుక్కల్ని, ఆయన మీద కోపం లేదు, కానీ ఆ మాట నమ్మి ఇంటికొచ్చి ఇంకో నెల పోగొట్టుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

తర్వాత సరీసృపాల్ని చూసే డాక్టర్ దొరికారు. ఆవిడ తూకం వేసి, ఎక్స్‌రే తీసి, రక్తం పరీక్ష చేయించారు. యూరిక్ యాసిడ్ ఎక్కువుంది, కీళ్లలో వాపుంది. గౌట్ అన్నారు, మనుషులకొచ్చేదే. కిడ్నీలు నీరసించి యూరిక్ యాసిడ్ బయటికి పోక కీళ్లలో పేరుకుంటుందట. ఏం పెడుతున్నారు అని అడిగితే అప్పుడు తెలిసింది మా తప్పు, పిల్లప్పుడు పెట్టినట్టే రోజూ గుప్పెడు పెల్లెట్స్, అంటే ప్రొటీన్ ఎక్కువుండే గుళికల మేత, పెట్టేస్తున్నాం. పిల్ల తాబేలుకి ప్రొటీన్ ఎక్కువ కావాలి, పెద్దయ్యాక ఆకులే ఎక్కువుండాలి, అది మాకు తెలీదు. ఇంకోటి బల్బు. నాలుగేళ్లుగా అదే యూవీబీ బల్బు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలిచ్చేది, వెలుగుతూనే ఉంది కదా అని మార్చలేదు, కానీ వెలుతురు అలాగే ఉన్నా అందులోంచి వచ్చే యూవీబీ తగ్గిపోతుందట, రకాన్ని బట్టి 6 నెలలకో ఏడాదికో మార్చాల్సిందే. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ సరిపోతుంది అనుకుంటారు చాలామంది, అద్దం యూవీబీని దాదాపు ఆపేస్తుంది.

ఇంట్లో మార్చింది పెద్ద పనేం కాదండి. అది ఎక్కే నున్నటి రాయి తీసేసి వెడల్పుగా, ఏటవాలుగా, కాలికి పట్టు దొరికేలా గరుకైన పలక పెట్టాం. నీళ్లు తగ్గించాం, అడుగున నిలబడి మెడ చాస్తే ముక్కు పైకి తేలేంత, అలాగని మరీ తగ్గించకూడదు, పొరపాటున వెల్లకిలా పడితే తిరగబడటానికి నీళ్లు చాలకపోతే అక్కడే మునిగిపోతుంది. ఫిల్టర్ నీటి జోరు తగ్గించాం, ఈదలేని ప్రాణానికి ఆ ప్రవాహమే అలసట. హీటర్ చుట్టూ జాలీ కట్టాం, ఎందుకంటే కదల్లేనిది దాన్నే ఆనుకుని పడుకుంటే ఒళ్లు కాలుతుంది. గట్టు మీద వేడి 32 డిగ్రీల దగ్గర ఉందో లేదో థర్మామీటర్‌తో చూస్తాం. ఇది మందులున్నప్పుడు మరీ ముఖ్యం, దాని ఒంటి వేడి బయటి వేడి మీదే ఆధారపడుతుంది, చల్లగా ఉంటే మందు కూడా సరిగా పనిచెయ్యదు.

వారానికోసారి త్రాసు మీద పెట్టి బరువు నోట్‌బుక్‌లో రాస్తున్నా. ఇవి జబ్బుని ఆఖరి దాకా దాచేస్తాయి, మన కంటికి ఏమీ తెలీదు, బరువే ముందు చెప్తుంది. తేలేటప్పుడు ఒక పక్కకి ఒరిగినా, ముక్కులోంచి బుడగలొచ్చినా, నోరు తెరిచి ఊపిరి తీసినా న్యుమోనియా అయ్యుండొచ్చు, ఆ రోజే తీసుకెళ్లాలి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వెయ్యొద్దు. ఇంకా ముఖ్యంగా ఐవర్‌మెక్టిన్, కుక్కలకి నులిపురుగుల మందుగా వాడతారు కదా అని తాబేలుకి ఇస్తే ప్రాణానికే ముప్పు, ఈ ఒక్క మాటైనా దయచేసి అచ్చు వెయ్యండి. నీళ్లు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే, మనుషులకి జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీనూ.

చెప్పడానికి నోరు రాని విషయం ఇంకోటుంది. ఇక బాధ తగ్గదు అన్న రోజు వస్తే ఫ్రీజర్లో పెట్టెయ్యండి, నిద్రలోనే పోతుంది అని సలహా ఇచ్చేవాళ్లున్నారు, నాకూ చెప్పారు. అది చాలా క్రూరం. ఆ పని డాక్టర్ చేతుల మీదుగా, మత్తిచ్చి జరగాలి.

ఈసారి మీరు ఇలాంటి పేజీ వేసినప్పుడు సరీసృపాల్ని చూసే డాక్టర్‌తో ఒక కాలమ్ రాయించండి. వాటికి ఆర్నెల్లకోసారి చెకప్ ఉంటుందని కూడా తెలీని ఇళ్లు చాలా ఉన్నాయి, మాదీ అలాంటిదే.

మాది ఇప్పుడు మందుల మీద ఉంది, కాలు పూర్తిగా బాగవలేదు, అవుతుందని డాక్టర్ గారు కూడా అనలేదు. కానీ పొద్దున లైట్ వెయ్యగానే ఆ పలక మీదికి తనంతట తనే ఎక్కి కాళ్లు చాపుకుని పడుకుంటోంది. పోయిన వారం బరువు 1,720 గ్రాములు, ముందు వారం కంటే 15 ఎక్కువ.

ఇట్లు,
మీ పాఠకురాలు