మన సంఘం వార్షిక నివేదిక: గొర్రె ట్యాగు, బావమరిది పేచీ

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పట్లాగే బాగా జరిగాయి. లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపారు కాబట్టి వాటి జోలికి పోను.

ఈ ఏడాది నా ఫోన్ ఎక్కువగా మోగింది డాల్ గొర్రె ట్యాగు గురించే, అంటే ఇక్కడి కొండల్లో తిరిగే అడవి గొర్రెని వేటాడటానికి కావాల్సిన ట్యాగు. "మీరు అలాస్కాలోనే ఉన్నారుగా, మా పేరు మీద కూడా ఒకటి అప్లై చేసి పెట్టండి" అని హైదరాబాద్ నుంచి ఒకరు, దుబాయ్ నుంచి ఇంకొకరు.

అలా కుదరదండీ. వేరే రాష్ట్రంలో ఉండే అమెరికా పౌరుడైతే, ఇక్కడ నివాసం ఉన్న 19 ఏళ్లు నిండిన దగ్గర బంధువు వెంట వస్తే గైడ్ అక్కర్లేదు. ఆ లెక్కలో బావమరిది కూడా వస్తాడు, పెదనాన్న కొడుకు మాత్రం రాడు, మనకి ఎంత అన్నయ్యయినా వాళ్లకి కజినే. విదేశీయుడికైతే సొంత తమ్ముడు పక్కనున్నా లాభం లేదు, లైసెన్సున్న గైడ్ ఉండాల్సిందే. ఇది తెలియక విదేశీ పౌరుడైన మా బావమరిది పేరున డ్రా (వేట పర్మిట్ల లాటరీ) ఫారం నింపి, ఫీజు కూడా కట్టేసి, డిసెంబర్ 15 గడువుకి ముందు రోజు రాత్రి రూల్స్ పుస్తకం తెరిచి తల పట్టుకున్నది మీ కార్యదర్శే. ఆ ఫీజు వెనక్కి రాదు. బావమరిది ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

అన్ని చోట్లా డ్రా ఉండదు, కొన్ని ప్రాంతాల్లో హార్వెస్ట్ టికెట్ అనే వేట చీటీ చాలు, కానీ విదేశీయుడికి గైడ్ మాత్రం తప్పదు. విదేశీయుడికి లైసెన్సు 630 డాలర్లు, లాకింగ్ ట్యాగు 1,100. ఇవి చిల్లర ఖర్చులే, గైడ్‌కి చాలా చోట్ల పాతిక వేల డాలర్లకి తక్కువ అవదు. సొంత తుపాకీ తెచ్చుకుంటే 6ఎన్ఐఏ ఫారం, అంటే తుపాకీని అమెరికాలోకి తేవడానికి అనుమతి దరఖాస్తు, ముందే పెట్టుకోవాలి. ట్యాగు అంటే కాగితం అనుకునేరు, లోహపు ముక్క, వేటాడిన వెంటనే అక్కడే జంతువుకి తాళంలా బిగించాలి. వేటాడే పొట్టేలు కొమ్ము పూర్తి చుట్టు తిరిగి ఉండాలి, లేదా రెండు కొమ్ముల కొసలూ విరిగి ఉండాలి, లేదా 8 ఏళ్లు నిండాలి. కొండ మీద బైనాక్యులర్‌లో వయసు తెలిపే కొమ్ము గీతలు లెక్కపెట్టడం మన వల్ల అయ్యే పని కాదు, ఆ ఒక్క పనికైనా గైడ్ డబ్బు దండగ అనను.

డ్రా దరఖాస్తులు మళ్లీ నవంబర్ 1న మొదలవుతాయి. చుట్టాల కోసం అడిగేవాళ్లు ముందు గైడ్‌తో మాట్లాడుకుని ఆ తర్వాత నాకు ఫోన్ చేయండి.