ఫార్మాట్‌కు ముందు యాప్‌డేటా చూడండి

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్‌లో రాసుకున్న నోట్స్ కనిపించడం లేదంటే పత్రికల్లో వచ్చే టెక్ చిట్కాలన్నీ ఒకటే మందు రాస్తున్నాయి: ఫలానా రికవరీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకోండి, స్కాన్ నొక్కండి అని. అది ఆఖరున చేయాల్సిన పని. మొదటే చేస్తే దొరకాల్సింది కూడా దొరక్కుండా పోతుంది. ఎందుకంటే పోయాయనుకున్న నోట్స్‌లో చాలావరకు అసలు డిలీట్ కానే కావు. మనం చూడని ఫోల్డర్‌లో భద్రంగానే ఉంటాయి.

తెరపై పసుపు చీటీల్లా నోట్స్ రాసుకునే విండోస్ యాప్ స్టిక్కీ నోట్స్ సంగతే తీసుకోండి. దీనికి సేవ్ బటన్ లేదు, ఫైల్ పేరు అడగదు. దాంతో ఫార్మాట్ చేసేవాళ్ళు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కాపీ చేసి, అంతా తీశామనుకుని డిస్క్ తుడిచేస్తారు. చీటీలూ దాంతోనే పోతాయి. విండోస్ 10, 11లలో ఇవి ఉండే చోటికి వెళ్ళాలంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో పర్సెంట్ గుర్తు, లోకల్‌యాప్‌డేటా అన్న మాట, మళ్ళీ పర్సెంట్ గుర్తు ఖాళీ వదలకుండా ఇంగ్లీషులో కొట్టండి. ప్రోగ్రాములు తమ సమాచారం పెట్టుకునే యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కాబట్టి మామూలుగా కంటికి కనపడదు, ఈ దారిన నేరుగా తెరుచుకుంటుంది. అందులో ప్యాకేజెస్, దాని లోపల పేరులో మైక్రోసాఫ్ట్‌స్టిక్కీనోట్స్ అని ఉండే పొడుగాటి ఫోల్డర్, దాని లోపల లోకల్‌స్టేట్. అక్కడ ప్లమ్ డాట్ ఎస్క్యూలైట్ అనే ఫైల్ ఉంటుంది. చీటీలన్నీ అందులోనే.

అందులోనే అన్నాం గానీ, ఆ ఒక్కటీ కాపీ చేసుకుని వెళ్ళినవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటున్నారు. పక్కనే అదే పేరుకు చివర వాల్ అని ఒకటి, ఎస్‌హెచ్‌ఎం అని ఒకటి, మరో రెండు ఫైళ్ళు ఉండవచ్చు. పాత షావుకార్ల లెక్కల్లో చిట్టా, ఆవర్జా ఉండేవి కదా, ఇదీ అంతే. రాసింది ముందు చిట్టాలోకి, అంటే వాల్ ఫైల్లోకి, వెళుతుంది. తర్వాత ఎప్పుడో ఆవర్జాకు, అంటే అసలు ప్లమ్ ఫైల్‌కు, ఎక్కుతుంది. ఈ ఫైళ్ళను నడిపే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్క్యూలైట్ మామూలు అమరికలో చిట్టా దాదాపు 1000 పేజీలు నిండాకో, యాప్ సక్రమంగా మూసుకున్నప్పుడో ఆ పద్దులు ఎక్కిస్తారు. కరెంటు పోయి మిషన్ ఆగిపోతే ఈమధ్య రాసిన చీటీలన్నీ చిట్టాలోనే ఉండిపోతాయి. అందుకని యాప్ మూసి, ఉన్న ఫైళ్ళన్నీ కలిపే కాపీ చేయాలి. కొత్త కంప్యూటర్‌లో పెట్టేటప్పుడు స్టిక్కీ నోట్స్‌ను ఒకసారి తెరిచి మూసి, అక్కడి ప్లమ్ ఫైళ్ళన్నీ తీసేసి వీటిని పెట్టాలి. ఒక కంప్యూటర్ ఆవర్జాకు ఇంకో కంప్యూటర్ చిట్టా కలిపితే రెండూ చెడతాయి.

చీటీల్లో ఏముందో చదువుకుంటే చాలనుకుంటే డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్క్యూలైట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో కాపీని తెరవండి. నోట్ అనే పట్టికలో టెక్స్ట్ అనే నిలువు వరసలో మీ మాటలు కనిపిస్తాయి. తెరవాల్సింది కాపీని, అసలును కాదు. తెరవడంతోనే చిట్టా పద్దులు ఆవర్జాలో కలిసిపోవచ్చు.

విండోస్ 7 నాటి హార్డ్ డిస్క్ అయితే యాప్‌డేటాలోని రోమింగ్, మైక్రోసాఫ్ట్, స్టిక్కీ నోట్స్ దారిలో స్టిక్కీనోట్స్ డాట్ ఎస్‌ఎన్‌టీ అనే ఫైల్ ఉంటుంది. దాన్ని థ్రెషోల్డ్‌నోట్స్ డాట్ ఎస్‌ఎన్‌టీ అని పేరు మార్చి, పైన చెప్పిన లోకల్‌స్టేట్‌లో లెగసీ అనే ఫోల్డర్ చేసి అందులో పెట్టి యాప్ తెరిస్తే పాత చీటీలు పైకి వస్తాయి. విండోస్ 10లో 2016 నాటి 1607 వెర్షన్, ఆ తర్వాతవాటికి ఇది వర్తిస్తుంది.

ఇంకో ప్రమాదం సెట్టింగ్స్‌లో ఉంది. యాప్ తెరుచుకోవడం లేదని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళితే రిపేర్, రీసెట్ అని రెండు బటన్లు పక్కపక్కనే కనిపిస్తాయి. రిపేర్ డేటా జోలికి పోదు. రీసెట్ తుడిచేస్తుంది, అన్‌ఇన్‌స్టాల్ కూడా అంతే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, చీటీలు సింక్ అయి ఉంటే భయం లేదు, మళ్ళీ దిగుతాయి. లేకపోతే ముందు ఫోల్డర్ కాపీ, తర్వాతే బటన్.

నోట్‌ప్యాడ్ కథ వేరు. విండోస్ 11లో ట్యాబులున్న కొత్త నోట్‌ప్యాడ్ సేవ్ చేయని రాతను కూడా తన ప్యాకేజెస్ ఫోల్డర్‌లో ట్యాబ్‌స్టేట్ అనే చోట దాచి, మళ్ళీ తెరిచినప్పుడు చూపిస్తుంది. కొత్త సెషన్‌తో మొదలుపెట్టమని దాని సెట్టింగ్స్‌లో పెట్టుకున్నవాళ్ళకు ఆ సదుపాయం లేదు. పాత నోట్‌ప్యాడ్‌కు ఇలాంటిదేమీ లేదు. సేవ్ చేయకుండా కరెంటు పోతే అంతే సంగతులు, దానికి డబ్బు తీసుకుని తెచ్చిస్తామనేవాళ్ళను నమ్మకండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అయితే మామూలుగా 7 సెకన్లకోసారి యాప్‌డేటాలోని తన బ్యాకప్ ఫోల్డర్‌లో నకలు పెడుతుంది. వర్డ్‌లో ఒక్కసారి కూడా సేవ్ చేయని ఫైల్‌కు ఫైల్ మెనూలో ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ చూడండి. ఆ నకళ్ళు 4 రోజులే ఉంటాయి, కాబట్టి వారం తర్వాత వెళితే లాభం లేదు.

సేవ్ చేసిన ఫైలే మాయమైతే తరచూ అది మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ పనే అయి ఉంటుంది. బ్యాకప్ ఆన్ కాగానే డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ కిందికి మారిపోతుంది. యూజర్ పేరు కింద డాక్యుమెంట్స్ ఒకటి, వన్‌డ్రైవ్ కింద డాక్యుమెంట్స్ ఇంకొకటి. రెండూ తెరిచి చూడండి. డెస్క్‌టాప్ మొత్తం ఒక్కసారిగా ఖాళీగా, కొత్తగా కనిపిస్తే విండోస్ తాత్కాలిక ప్రొఫైల్‌తో తెరుచుకుని ఉండవచ్చు. మీ ఫైళ్ళు సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద మీ పాత పేరున అలాగే ఉంటాయి. ఆ తాత్కాలిక ప్రొఫైల్‌లో కొత్తగా రాసిందే సైన్ అవుట్ చేయగానే పోతుంది. విండోస్ అప్‌గ్రేడ్ తర్వాత లేకుండా పోతే సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ చూడండి, అది 10 రోజులకు దానంతటదే తొలగిపోతుంది. ఫైల్ పేరు గుర్తులేకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సెర్చ్ ట్యాబ్‌కు వెళ్ళి, పేర్లతోపాటు లోపలి విషయం కూడా వెతకమని టిక్ పెట్టండి. అది లేకుంటే ఇండెక్స్‌లో, అంటే విండోస్ ముందే తయారుచేసుకున్న సూచికలో, లేని ఫోల్డర్లలో విండోస్ పేర్లు మాత్రమే చూసి లేదని చెప్పేస్తుంది.

ఇవన్నీ చూశాక, రీసైకిల్ బిన్‌లోనూ లేకపోతే, అప్పుడు నిజంగా డిలీట్ అయినట్టు. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టినవి, పెన్ డ్రైవ్ నుంచి తీసేసినవి బిన్‌కు రావు. ఇక ఆ కంప్యూటర్‌లో బ్రౌజర్ కూడా తెరవకండి. కారణం ఇదీ: ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే విండోస్ మామూలుగా వాడే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్‌లో ప్రతి ఫైల్‌కూ ఒక పద్దు ఉంటుంది, సాధారణంగా 1024 బైట్లు. సుమారు 700 బైట్ల లోపు నోట్ అయితే దానికి వేరే చోటు కేటాయించరు, మొత్తం ఆ పద్దులోనే ఇమిడిపోతుంది. యూటీఎఫ్ 8 ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే రెండు మూడు వరసల తెలుగు. డిలీట్ చేయగానే ఆ పద్దుపై ఖాళీ అన్న గుర్తు పడుతుంది. బ్రౌజర్ తెరిస్తే పుట్టే వందల కాష్ ఫైళ్ళలో ఏదో ఒకటి అందులో వచ్చి కూర్చుంటుంది. అంత పెద్ద రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డ్రైవ్‌లోకి దించితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్క్‌లో అయితే డిలీట్ కాగానే ట్రిమ్ అనే ఆదేశం వెళ్ళి ఆ గడులు ఖాళీ అయిపోతాయి. పెద్ద ఫైళ్ళపై ఆశ వదులుకోవాల్సిందే. విచిత్రమేమిటంటే పద్దులో ఇమిడిన చిన్న నోట్‌ను ట్రిమ్ ముట్టుకోదు, దానికే ఎక్కువ అవకాశం.

సరైన పద్ధతి మిషన్ ఆపి, డిస్క్ తీసి, వేరే కంప్యూటర్‌కు తగిలించడం. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే చేతిలో పెట్టుకోండి. అక్కడ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరికే విండోస్ ఫైల్ రికవరీ చాలు. వెతికే డ్రైవ్, దొరికినవి పెట్టే డ్రైవ్ వేరువేరుగా ఉండాలని అదే పట్టుబడుతుంది. ఈమధ్యే డిలీట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్‌కు అందులో రెగ్యులర్ అనే పద్ధతి, చాలాకాలమైనా ఫార్మాట్ అయినా ఎక్స్‌టెన్సివ్ అనే పద్ధతి వాడాలి. ఫోటోరెక్ లాంటి రికవరీ ప్రోగ్రాములు ఫొటోలకు బాగా పనిచేస్తాయి గానీ, మామూలు టెక్స్ట్ ఫైల్‌కు మొదట్లో గుర్తుపట్టే ముద్ర ఉండదు. పేర్లు లేని వేల ముక్కలు తెచ్చి ముందర పోస్తాయి.

దొరికిన ఫైల్ తెరిస్తే తెలుగు బదులు గజిబిజి కనిపిస్తే సేవ్ నొక్కకండి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ అక్షరం పదేపదే కనిపిస్తుంటే అది యూటీఎఫ్ 8 ఫైల్, తప్పు ఎన్‌కోడింగ్‌తో తెరుచుకుంది. నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ పెట్టె అడుగున ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్ 8గా ఎంచుకుని తెరిస్తే తెలుగు వచ్చేస్తుంది. వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం ఎవరో పాత నోట్‌ప్యాడ్‌లో ఆన్సీగా, అంటే తెలుగు పట్టని పాత ఎన్‌కోడింగ్‌లో, సేవ్ చేసేశారన్నమాట. అందులో తెలుగు లేదు, పాత నకలు వెతుక్కోవాల్సిందే.

మీ పత్రికలో ఈ చిట్కాలు మళ్ళీ వేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ పేరుకు ముందు రెండు వాక్యాలు చేర్చమని మనవి: యాప్ మూసి యాప్‌డేటా ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఫార్మాట్‌కు ఇచ్చేటప్పుడు డెస్క్‌టాప్ ఒక్కటే కాదు, యూజర్స్ ఫోల్డర్ మొత్తం తీయమని చీటీ రాసి ఇవ్వండి.

ఇట్లు,
కంప్యూటర్ సర్వీసింగ్ పనిలో ఉన్న ఇద్దరు పాఠకులు