పుల్లగా ఉందని కాదు నా ఫిర్యాదు

విషయం: మీ క్లబ్ సభ్యులకు అమ్మిన బారెల్ సోర్ ఏల్ (చెక్క పీపాల్లో ఉంచి చేసే పుల్లటి బీరు), 4 సీసాలు, 112 డాలర్లు

బ్రూవరీ యజమాని గారికి,

నమస్కారం. పోయిన వారం మీ కస్టమర్ సర్వీసుకి ఇంగ్లీషులో ఒక ఈమెయిల్ పెట్టాను. రెండు లైన్ల జవాబు వచ్చింది. సోర్ ఏల్ అంటే పుల్లగానే ఉంటుందట, అలవాటు లేనివాళ్ళకి మొదట్లో ఇలాగే అనిపిస్తుందట. దానికి తోడు 10 శాతం తగ్గింపు కూపన్. మీరు తెలుగువారు, మీ బ్రూవరీలో బీరు పోసే టాప్‌రూమ్‌లో ఒకసారి మాట్లాడుకున్నాం కూడా. అందుకే ఈసారి నేరుగా మీకే తెలుగులో రాస్తున్నాను.

తరవాణి తాగి పెరిగినవాణ్ణండీ నేను. చింతపండు పులుపు, పెరుగు పులుపు, మామిడికాయ పులుపు వేరువేరని మీకు చెప్పనక్కర్లేదు. పైగా ఆరేళ్ళుగా ఇంట్లో బీరు కాచుకుంటున్నాను. పులుపు నాకు కొత్త అనుకున్నారే, సీసాలు పాడైనదానికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక జరిగింది. రాజమండ్రి నుంచి మా బావ వచ్చాడని, నాతోపాటు బీరు కాచే ఇద్దరు స్నేహితుల్ని కూడా పిలిచాను. మీ సీసాల్ని రెండు రోజులు కదపకుండా నిలబెట్టి, 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచి తెరిచాం. మీ లేబుల్ మీద ఫ్లాండర్స్ రెడ్ పద్ధతి, అంటే బెల్జియం వాళ్ళ ఎర్రటి పుల్లబీరు పద్ధతి, అని ఉంది కాబట్టి, పోల్చుకోడానికి పక్కన అదే రకం బెల్జియం బీరు, రోడెన్‌బాక్ గ్రాండ్ క్రూ, కూడా పెట్టాను. ఏది ఏ గ్లాసులో ఉందో నాకొక్కడికే తెలుసు.

రంగుకి వంక పెట్టను. దీపం ముందు పెడితే దానిమ్మ రసంలా మెరిసింది. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చేసరికి మాత్రం నెయిల్ పాలిష్ రిమూవర్. నేను ఏదో పోలిక వెతికి చెప్తున్నానని అనుకోకండి. వంటింట్లోంచి మా ఆవిడ "ఇప్పుడెవరు గోళ్ళ రంగు తీస్తున్నారు?" అని అడిగింది. కాసేపు గ్లాసు తిప్పితే పోతుందేమో అని చూశాం. ఆ ఘాటు కాస్త తగ్గితే దాని వెనకాల వెనిగర్ బయటపడింది. రెండు గుక్కలకే గొంతు మండింది. పీపా చెక్క వాసన, చెర్రీ, ఎండు ద్రాక్ష అని మీరు రాసుకున్నవి ఎక్కడో అడుగున ఉన్నాయేమో, మాకు అందలేదు.

మా బావకి బీరు గురించి పెద్దగా తెలియదు, కల్లు గురించి బాగా తెలుసు. ఒక గుక్క తాగి, "పొద్దున్న దించిన కల్లు తియ్యగా ఉంటుంది బావా, మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, అదీ బాగుంటుంది. ఇది సాయంత్రం దాకా ఎండలో పెట్టిన కల్లు. మా ఊళ్ళో అయితే పారబోస్తారు" అన్నాడు. అదే మనిషి రోడెన్‌బాక్ గ్లాసు ఖాళీ చేసి ఇంకా ఉందా అని అడిగాడు. అదీ పుల్లగానే ఉంటుంది కదండీ!

ఫ్లాండర్స్ రెడ్‌లో కొంచెం వెనిగర్ ఛాయ ఉండొచ్చని నాకూ తెలుసు. కొంచెం ఉంటేనే దానికి ఆ పదును. కానీ పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం నాలుక మీద నిలబడుతుంది, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఆవిరై ముక్కులోకి ఎక్కుతుంది. రెండోది మొదటిదాన్ని మింగేస్తే ఇక మిగిలేది సలాడ్ మీద పోసుకునే సరుకే. ఆ ఎసిటిక్ ఆమ్లం ఆల్కహాల్‌తో కలిసి ఇథైల్ ఎసిటేట్ అయితే వచ్చేదే ఆ గోళ్ళ రంగు వాసన. ఇంతకీ ఎసిటిక్ ఆమ్లం చేసే బాక్టీరియాకి గాలి కావాలి. ఇలాంటి బీర్లలో ఉండే బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ కూడా గాలి తగిలితే అదే పని చేస్తుంది. కాబట్టి నా ప్రశ్నల్లా ఒకటే: మీ పీపాల్లోకి గాలి ఎక్కడినుంచి వెళ్ళింది?

నాకొక అనుమానం ఉంది. మార్చిలో మీ టూర్‌కి వచ్చాను. మీ గైడ్ ఒకే పీపా బిరడా గంటలో రెండుసార్లు తీసి, పైపు ముంచి, వచ్చినవాళ్ళందరికీ రుచి చూపించాడు. నేనూ గ్లాసు చాచినవాణ్ణే, అందులో నా తప్పూ ఉందనుకోండి. పీపాలో బీరు మీద తెట్టులా ఒక పొర కడుతుంది, అదే దానికి గాలి తగలకుండా కొంత కాపాడుతుంది. పైపు దించిన ప్రతిసారీ ఆ పొర చిరుగుతుంది, బిరడా తీసిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి పోతుంది. కాలిఫోర్నియాలో రష్యన్ రివర్ బ్రూవరీకి చెందిన విన్నీ సిలుర్జో అనే బ్రూయర్ పీపా ముందు పలకకి చిన్న రంధ్రం పెట్టి స్టీలు మేకు బిగించే పద్ధతిని ఎప్పుడో ప్రచారంలోకి తెచ్చాడు. మేకు లాగితే సన్నటి ధార వస్తుంది, బిరడా ముట్టుకోనక్కర్లేదు. మేకు ఖర్చు ఎంతని?

రెండోది వేడి. బెల్జియంలో రూసెలారె ఊళ్ళో రోడెన్‌బాక్ వాళ్ళు పెట్టుకునే ఫోడర్లు వేల లీటర్లు పట్టే ఓక్ తొట్లు. అంత పెద్ద తొట్టిలో లీటరుకి తగిలే చెక్క తక్కువ, చెక్కలోంచి దూరే గాలీ తక్కువే. మీ దగ్గరున్నవి 225 లీటర్ల వైన్ పీపాలు. వాటిని డాలస్ ఎండాకాలంలో 18 నెలలు ఉంచితే బీరు ఆవిరై లోపల ఖాళీ పెరుగుతుంది, అందులోకి గాలి చేరుతుంది. ఆ ఖాళీని ఎవరైనా ఎప్పటికప్పుడు చూసుకుంటున్నారా? ఆ షెడ్డులో ఏసీ ఉందో లేదో గైడ్‌ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. టెక్సస్‌లో ఈ పని కుదరదని నేననను. ఆస్టిన్ పక్కన జెస్టర్ కింగ్ వాళ్ళు ఇక్కడి చలికాలాన్నే వాడుకుని, ఈస్ట్ వెయ్యకుండా గాలిలోని సూక్ష్మజీవులతోనే బీరు పులియబెడుతున్నారు.

ఇదంతా మొదటి సీసా సంగతి. రెండోదాంట్లో గ్యాసే లేదు, చల్లారిన టీలా ఉంది. మూడోది కార్కు వదులు చెయ్యగానే సీలింగ్ దాకా చిమ్మింది. 750 మిల్లీలీటర్ల సీసాలో సగం గోడకే పోయింది, ఆ మరక ఇంకా ఉంది. ఒకే రోజు కొన్న రెండు సీసాలకి ఇంత తేడా ఉందంటే గ్యాస్ పుట్టడానికి నింపే ముందు వేసిన చక్కెర సమంగా కలవలేదేమో. సీసా పగిలి గాజు ఎవరికైనా గుచ్చుకుని ఉంటే ఈ ఉత్తరం ఇంత మర్యాదగా ఉండేది కాదు.

మూడో సీసాలో మిగిలింది కూడా తాగి చూశాం. మింగిన పదిహేను సెకన్లకి నాకూ ఒక స్నేహితుడికీ పాత బియ్యం డబ్బాలో ఎలుక తిరిగినట్టు ఒక రుచి వచ్చింది. మిగతా ఇద్దరికీ ఏమీ తెలియలేదు. దీన్నే మౌసీ అంటారని మీకు తెలిసే ఉంటుంది. గ్లాసులో వాసన రాదు, నోట్లో లాలాజలం తగిలి పులుపు తగ్గాకే బయటపడుతుంది, అది కూడా అందరికీ తెలియదు. చాలాసార్లు కొన్ని నెలలు ఆగితే అదే తగ్గిపోతుంది. మరి సీసాలు నింపి ఎన్నాళ్ళు ఆగారు? లేబుల్ మీద తేదీ లేదు, బ్యాచ్ నంబరూ లేదు. 28 డాలర్ల సీసా మీద పీపా బొమ్మకి చోటుంది, తేదీకి లేదు!

కూపన్ నాకొద్దు. నాలుగు సీసాల డబ్బు, 112 డాలర్లు, నేను కట్టిన కార్డుకే తిరిగి వెయ్యండి. ఇవి ఏ రోజు నింపారో, ఏ పీపాల్ని కలిపి చేశారో రాసి పంపండి. ఇదే బ్యాచ్ ఇంకా అమ్ముతుంటే ఆపి, కొన్న సభ్యులకి చిమ్మే ప్రమాదం గురించైనా ఒక మాట చెప్పండి.

నాలుగో సీసా నేను తెరవలేదు. కార్కు మీది వైరు కూడా విప్పకుండా అలమరలో నిలబెట్టి, మీద తువ్వాలు చుట్టి ఉంచాను. ఈ నెలాఖరు దాకా ఉంచుతాను. మీరు గానీ, మీ బ్రూయర్ గానీ వస్తే మీ చేత్తోనే తెరుద్దాం. బావ ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉంటాడు, తెరిచేటప్పుడు తనూ ఉంటానన్నాడు. కాకపోతే ఈసారి పెరట్లో.

ఇట్లు,
మీ క్లబ్ సభ్యుడు