మా అమ్మాయి లెక్కలు నేను రాస్తున్నాను: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పుట్టుకతోనే చూపు లేదు. లెక్కలంటే మాత్రం ప్రాణం. పరీక్షలకు స్క్రైబ్‌ని ఇస్తున్నారు, సంతోషం. కానీ రోజూ హోంవర్క్‌కి స్క్రైబ్‌ని నేనే. తను చెబుతుంది, నేను రాస్తాను.

మొన్న "ఎక్స్ ప్లస్ వన్ బై టూ" అంది. నేను ఒకటి కింద మాత్రమే రెండు వేశాను. తన ఉద్దేశం ఎక్స్ ప్లస్ వన్ మొత్తానికీ కింద రెండు. పొరపాటు నాది, మార్కు పోయింది తనకి. ఇంకో రోజు తను మైనస్ మరిచిపోతే నా చెయ్యి ఊరుకోక పెట్టేసింది. దానికి ఫుల్ మార్కులొచ్చాయి! ఆ టీచర్ దిద్దింది ఎవరి హోంవర్క్‌ని?

బ్రెయిల్లో రాయొచ్చుగా అంటారు. రాస్తుంది. లెక్కల కోసమే నెమెత్ కోడ్ ఉంది, 1952లోనే వచ్చింది. దాన్ని తయారు చేసిన అబ్రహం నెమెత్ కూడా చూపులేని లెక్కల మాస్టారే. అందులో భిన్నం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో గుర్తులు పెడతారు కాబట్టి నేను చేసినలాంటి పొరపాటు జరగదు. అయితే చేత్తో రాయాలంటే, గళ్ళున్న స్లేట్‌లో కాగితం బిగించి, స్టైలస్ అనే మొనతో వెనక వైపు నుంచి, కుడి నుంచి ఎడమకు చుక్కలు పొడవాలి. పై మెట్టులో ఏం రాసిందో చూసుకోవాలంటే కాగితం తీసి, తిరగేసి, తడిమి, మళ్ళీ బిగించాలి. పెద్ద సమీకరణానికి అలా ఎన్నిసార్లో. టైప్‌రైటర్‌లాంటి బ్రెయిలర్ మిషన్ ఉంటే ఆ బాధ లేదు. ఇంతా చేసి తీసుకెళితే టీచర్‌కి బ్రెయిల్ రాదు. ఆవిడని తప్పుపట్టను, ఎవరూ నేర్పలేదు.

కంప్యూటర్‌లో దారి ఉంది. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. దానికి లెక్కలు చదివే మ్యాథ్‌క్యాట్ అనే సాఫ్ట్‌వేర్ తోడైతే సమీకరణాన్ని ముక్కముక్కగా చదివి వినిపిస్తుంది. మా అమ్మాయి వర్డ్‌లో లేటెక్ పద్ధతిలో, అంటే లెక్కల గుర్తులను మామూలు కీబోర్డు అక్షరాలతో, టైప్ చేస్తే టీచర్‌కి మామూలు లెక్కలాగే కనిపిస్తుంది. మధ్యలో నా అవసరమే లేదు. కానీ బడి నుంచి వర్క్‌షీట్ ఫొటోగా వస్తుంది. స్క్రీన్ రీడర్ "ఇమేజ్" అని ఊరుకుంటుంది.

అందుకే అడుగుతున్నాను. లెక్కల హోంవర్క్ ఫొటోగా కాకుండా, సమీకరణాలు టైప్ చేసిన ఫైలుగా పంపాలని ఉత్తర్వులివ్వండి. పిల్లలు అదే ఫైల్లో జవాబు పంపితే తీసుకోవాలి, ఎర్ర పెన్ను గీతలకు బదులు కామెంట్లు టైప్ చేయాలి. రేఖాచిత్రాలు వేళ్ళతో తడిమి తెలుసుకునేలా ఉబ్బెత్తు గీతలతో కాగితం మీద ఇవ్వాలి. గ్రాఫ్ గీయమన్నచోట బిందువుల పట్టిక, వక్రం ఎటు వంగుతుందో రెండు మాటల్లో రాస్తే ఒప్పుకోవాలి. బ్రెయిల్ కాగితమే తెచ్చిన పిల్లల దగ్గర కూర్చుని చదివించుకోవడానికి టీచర్‌కి వారానికో పీరియడ్ కేటాయించండి.

రేపటికి పదకొండు లెక్కలున్నాయి. వర్క్‌షీట్ ఇప్పుడే వచ్చింది, ఫొటోనే. తను పిలుస్తోంది, చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి